నలభైకి తగ్గించు, నలభై తగ్గించు: ఎల్‌వీఎంలో 'ష్రింక్'కి తెలుగు మాట ఏది?

(నలుగురి మాటలివి, ఒక్కొక్కరికీ ఒక పేట పేరు.)

పటమట: లినక్స్ సర్వర్ల పని కొత్తగా నేర్చుకునేవాళ్లకి తెలుగులో రెండు పేజీల సూచనలు రాస్తున్నాం. ఎల్‌వీఎం అంటే డిస్కు చోటుని వాల్యూమ్‌లుగా పంచే ఏర్పాటు. అందులో లాజికల్ వాల్యూమ్‌ని (అలా పంచిన ఒక ముక్కని) ష్రింక్ చేయడం, అంటే చిన్నది చేయడం దగ్గర మాట తెగలేదు. తగ్గించు, కుదించు, కురచ చేయి, సంకోచింపజేయి... ఏది పెడదాం? లెక్క ఇదీ: 100 జీబీ వాల్యూమ్, మీద ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లని అమర్చే పద్ధతి), లోపల 28 జీబీ డేటా. 40 ఉంచి మిగతాది వేరే పనికి తీసుకోవాలి.

లబ్బీపేట: సంకోచం వద్దండీ. సైన్సు పుస్తకంలో వ్యాకోచం పక్కన బాగానే ఉంటుంది గానీ, సర్వర్‌ని సంకోచించమంటే మొహమాటపడమన్నట్టుంది. అందరూ అనే 'తగ్గించు' చాలదా?

బ్రాడీపేట: చాలదు, ఎందుకంటే అక్కడ జరిగే పనులు రెండు. ఫైల్‌సిస్టమ్ చిన్నదవ్వాలంటే చివర్లో ఉన్న బ్లాకులు లేచి ముందుకొచ్చి సర్దుకోవాలి. అది కుదించడం. వాల్యూమ్ చిన్నదవడంలో సర్దుడేమీ లేదు, గీత గీసి అవతలిది తీసేయడమే. అది కోయడం. మన మిర్చి టిక్కీనే (గోనె బస్తానే) చూడండి. కాయని తొక్కి కిందికి దించాక, పైన ఖాళీ అయిన గోనెని కోస్తే నష్టం లేదు. తొక్కకుండా కోస్తే కాయ నేల మీద ఉంటుంది. రెండింటికీ 'తగ్గించు' అని రాస్తే చదివినవాడు దేన్ని ముందు చేస్తాడో మన చేతుల్లో ఉండదు. ముందు కుదింపు, తర్వాత కోత. పెంచేటప్పుడు ఇది తిరగబడుతుంది: ముందు వాల్యూమ్, తర్వాత ఫైల్‌సిస్టమ్.

అరండల్‌పేట: కుదింపు అంటే జిప్ ఫైలు గుర్తురాదా అండీ? డేటా కంప్రెస్ అవుతుందనుకుంటారు.

బ్రాడీపేట: కంప్రెస్‌ని ఇక్కడెవరూ తెలుగులో అనడం లేదు. సిలబస్ కుదించారు అంటే పుస్తకాన్ని జిప్ చేశారనుకుంటామా?

పటమట: సరే, కుదించు, కోయి. ఇంకో చిక్కు ఉంది. వాల్యూమ్‌ని కోసే కమాండ్ ఎల్‌వీరెడ్యూస్. దానికి '-ఎల్ 40జీ' అని ఇస్తే 40 మిగులుతుంది. '-ఎల్ -40జీ' అని ఇస్తే 40 పోయి 60 మిగులుతుంది. కమాండ్‌లో తేడా ఒక్క అడ్డగీత.

లబ్బీపేట: తెలుగులో అది ఒక్క 'కి' కదండీ! నలభైకి తగ్గించు, నలభై తగ్గించు. బీసెంట్ రోడ్డులో నాలుగొందల చీరకి "యాభై తగ్గించండి" అంటే బేరం, "యాభైకి తగ్గించండి" అంటే తగాదా. ఫోన్లో చెప్పేటప్పుడు ఈ 'కి'ని తరచూ మింగేస్తాం. 'నలభై దాకా తగ్గించు' ఇంకా ఘోరం, దాన్ని రెండు రకాలుగానూ వినొచ్చు.

బ్రాడీపేట: అందుకే పోయేది కాదు, మిగిలేది చెప్పాలి. 'నలభై మిగలాలి' అని రాయండి, 'కి' గొడవే ఉండదు. ఎల్‌వీరెడ్యూస్ అడిగే ఆఖరి ప్రశ్నలోనూ మిగలబోయే సైజే ఉంటుంది. అది చదవకుండా 'వై' నొక్కకూడదు.

మీ లెక్కకి వరస ఇలా వస్తుంది. బ్యాకప్ తీసి, అందులోంచి ఒక ఫోల్డరైనా వెనక్కి తెచ్చి చూడాలి. ఈఎక్స్‌టీ4ని మౌంట్‌లో (వాడకంలో) ఉండగా పెంచొచ్చు గానీ కుదించలేం, కాబట్టి అన్‌మౌంట్ చేయాలి. బిజీ అంటే ఎవరు పట్టుకున్నారో ఫ్యూజర్ చెబుతుంది. చాలాసార్లు అదే ఫోల్డర్లో తెరిచి వదిలేసిన మన టెర్మినలే. రూట్ వాల్యూమ్ (సిస్టమే ఉన్నది) అయితే రెస్క్యూ మీడియాతో బూట్ చేయక తప్పదు. తర్వాత ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్‌తో ఫైల్‌సిస్టమ్‌ని తనిఖీ చేయాలి. ఈ తనిఖీ అవకుండా, కుదించే కమాండ్ రీసైజ్2ఎఫ్‌ఎస్ కుదించనే కుదించదు. ఎంత వరకు కుదురుతుందో రీసైజ్2ఎఫ్‌ఎస్ -పీ (పెద్ద బడి పీ) అంచనా ఇస్తుంది, కానీ బ్లాకుల్లో. 4 కేబీ బ్లాకుల్లో 78,64,320 అంటే 30 జీబీ.

ఇప్పుడు ఫైల్‌సిస్టమ్‌ని 38కి కుదించి, వాల్యూమ్‌ని 40 దగ్గర కోసి, సైజు ఇవ్వకుండా రీసైజ్2ఎఫ్‌ఎస్‌ని మళ్లీ నడిపితే అది 40 నిండా సాగుతుంది. మధ్యలో ఆ రెండు జీబీలు యూనిట్లలో, ఎక్స్‌టెంట్ల లెక్కలో పొరపాటు పడినా గీత లోపలికి వెళ్లకుండా కాస్తాయి. ఎక్స్‌టెంట్ అంటే ఎల్‌వీఎం చోటుని కొలిచే తునక, మామూలుగా 4 ఎంబీ. కుదింపు చాలాసేపు పట్టొచ్చు. టీమక్స్ లాంటిదాంట్లో పెట్టండి, నెట్ పోయినా పని సగంలో ఆగదు.

అరండల్‌పేట: ఎల్‌వీరెడ్యూస్‌కి -ఆర్ ఇస్తే ఇదంతా అదే చేస్తుంది కదండీ?

బ్రాడీపేట: చేస్తుంది, వరస కూడా తప్పదు. చేత్తో కోసేటప్పుడే జాగ్రత్త. కొత్త వెర్షన్లు లోపలి ఫైల్‌సిస్టమ్ పెద్దదిగా ఉంటే కోతకి ఒప్పుకోవు, పాతవి 'వై' అనగానే కోసేస్తాయి.

పటమట: కుదించకుండా కోసేసినవాడికి ఏం రాయాలి?

బ్రాడీపేట: "ఏమీ రాయకు" అని రాయండి, డిస్కు మీద. మౌంట్ చేయకూడదు, ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -వై అసలే వద్దు. గీత అవతల ఉన్నవాటిని అది పాడైనవిగా లెక్కేసి తుడిచేస్తుంది. కొత్త వాల్యూమ్ ఏదీ సృష్టించకుండా, వీజీసీఎఫ్‌జీరిస్టోర్‌తో కోతకి ముందున్న మెటాడేటాని (ఏ వాల్యూమ్ ఎక్కడుందో ఎల్‌వీఎం రాసుకున్న లెక్కని) వెనక్కి తేవాలి. దాని పాత కాపీలు ఈటీసీ కింద ఎల్‌వీఎం ఆర్కైవ్‌లో ఉంటాయి. గీత పాత చోటికి వెళ్లాక, ఆ బ్లాకుల్లో ఇంకెవరూ రాయకపోయి ఉంటే, డేటా అక్కడే ఉంటుంది. ఎల్‌వీఎం కాన్ఫిగ్‌లో ఇష్యూ డిస్కార్డ్స్‌ని 1 చేసి ఉన్న ఎస్ఎస్‌డీ అయితే మాత్రం ఆశ వదులుకోవాలి. కోసిన చోటు ఖాళీ అని డిస్కుకి అప్పుడే కబురు వెళ్లిపోయి ఉంటుంది. ఆ సెట్టింగ్ 0గా ఉందో 1గా ఉందో ముందే చూసుకోవాలి.

లబ్బీపేట: ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్‌కీ ఇవే మాటలా?

బ్రాడీపేట: దానికి కుదించు అనే క్రియే లేదనుకోండి. రెడ్ హ్యాట్ 7 నుంచి, అంటే 2014 నుంచి, మనం వేరేది అడక్కపోతే ఇన్‌స్టాలర్ ఇచ్చేది అదే. అందుకే ముందు ఫైల్‌సిస్టమ్ ఏదో చూడాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే 40 జీబీ కొత్త వాల్యూమ్ చేసి, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌డంప్‌తోనో ఆర్‌సింక్‌తోనో డేటా మోసుకుపోయి, పాతది తీసేయడమే. దానికి 'మకాం మార్చు' అని రాయండి.

పటమట: స్వాప్‌కి (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు చోటుకి)?

బ్రాడీపేట: అక్కడ సర్దడానికి సరుకే లేదు, ఉత్త కోత. స్వాప్ఆఫ్, కోత, ఎంకేస్వాప్, స్వాప్ఆన్. ఎంకేస్వాప్‌తో యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) మారుతుంది, బూట్ అయ్యేటప్పుడు చదివే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో పాతది ఉంటే దిద్దుకోవాలి.