'మౌనం అర్ధాంగీకారం' కోర్టులో చెల్లుతుందా?

నిన్న గ్రూపులో ఒక అత్యాచారం కేసు అప్పీలు గురించి వాదన జరుగుతుంటే ఒకాయన "మౌనం అర్ధాంగీకారం కదండీ" అని తేల్చేశారు. ముందు అక్షరం సంగతి. చాలామంది 'అర్థాంగీకారం' అని ఒత్తు మార్చి రాస్తున్నారు. అది అర్ధ, అంటే సగం. సామెత ఇచ్చిందే సగం, మిగతా సగం మనం కలుపుకుంటున్నాం. పెళ్లిచూపుల్లో పిల్ల తల వంచుకుంటే "ఒప్పేసుకుంది" అనేది ఈ ధైర్యంతోనే.

చట్టం సగం సమ్మతిని లెక్కలోకి తీసుకోదు. 2013 సవరణతో పాత శిక్షాస్మృతి ఐపీసీలోని అత్యాచారం సెక్షన్ 375లోకి వచ్చి, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63లో ఉన్న నిర్వచనం ప్రకారం సమ్మతి అంటే మాటతోనో సైగతోనో మరోలాగానో తన ఇష్టాన్ని శంకకు తావు లేకుండా తెలపడం. ఎదురు తిరగలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు అనుకోకూడదని కూడా అక్కడే రాసి ఉంది.

దీని వెనక పాత గాయం ఉంది. పోలీస్ స్టేషన్‌లోనే ఒక అమ్మాయి మీద అత్యాచారం జరిగిందని పోలీసుల మీద నడిచిన తుకారాం కేసులో, నిస్సహాయంగా లొంగిపోవడం సమ్మతి కాదని బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది. ఒంటి మీద గాయాల్లేవు, అరిచిందన్న మాట నమ్మలేమంటూ 1978లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాగితాలు అవే, చదివిన తీరే వేరు. ఆ తీర్పు మీద రేగిన నిరసనల తర్వాతే 1983లో సాక్ష్య చట్టంలోకి 114ఎ అనే సెక్షన్ వచ్చింది. దాని ప్రకారం పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారం లాంటి కేసుల్లో సంభోగం రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే అనుకోవాలి.

జవాబు (నాంపల్లి వకీలు):
అన్నా, అసలు తిప్పలు అప్పీల్లోనే. అక్కడి జడ్జికి సాక్షి మొహం కనబడదు, కాగితమే. మన దిక్కు ఆడామె "భయానికి సప్పుడు జెయ్యలే, ఊకున్న" అంటది. చాలాచోట్ల వాంగ్మూలం ఇంగ్లీషులో ఎక్కుతది. అందులో 'మౌనంగా ఉంది' అని మాత్రమే పడితే భయం జారిపోయినట్టే. ఆమె మాట నమ్మకం కలిగిస్తే వేరే సాక్ష్యం అక్కర్లేదు, చిన్న చిన్న తేడాలు పట్టించుకోవద్దు అని 1996లో గుర్మీత్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కింది కోర్టు విడిచిపెట్టిన కేసైతే? సాక్ష్యమంతా మళ్ల చూడొచ్చు గానీ, రెండు అభిప్రాయాలకు చోటుంటే విడుదలను కదిలించొద్దు. అది 2007 చంద్రప్ప తీర్పు. జారిపోయిన ఆ 'భయానికి' అన్న మాటే రెండో అభిప్రాయానికి చోటిస్తది.

జవాబు:
అబద్ధపు కేసుల మాటేమిటండీ?

నా జవాబు:
అనుమానం మిగిలితే లాభం ముద్దాయికే. అది మారలేదు, మారకూడదు కూడా. నా పేచీ ఆ అనుమానం ఎక్కడ పుడుతోందన్న దానితో. 2017లో ఢిల్లీ హైకోర్టు ఒక అప్పీల్లో, ఆమె 'వద్దు' బలహీనంగా ఉంటే అది అతనికి అర్థమైందో లేదోనన్న సందేహంతో శిక్ష రద్దు చేసింది. విస్తరి ముందు అతిథి 'వద్దు' అన్నా ఇంకో గరిటె వడ్డించే మనకు ఆ తర్కం వింతగా అనిపించకపోవచ్చు. 2013 నిర్వచనాన్ని పక్కనే ఉంచుకుని చదివితే నాకు మాత్రం మింగుడుపడలేదు. ఇష్టం తెలపాలని చట్టం అంటుంటే, 'వద్దు' ఎంత గట్టిగా పలికిందో కొలవడమేమిటి?

జవాబు (నాంపల్లి వకీలు):
గందుకే జూనియర్లకు చెప్తుంట, సాక్షి 'ఊకున్న' అంటే 'ఎందుకు' అని వెంటనే అడిగి, ఆ జవాబు రికార్డుల ఎక్కిందాంక కూసోవద్దని.