గోడలో వేడినీళ్ల లైను: గమ్ము జాయింటా, వెల్డింగ్ జాయింటా?

హొరమావు_సుధ: అందరికీ నమస్కారం. బెంగళూరు హొరమావులో 30×40 అడుగుల సైటులో ఇల్లు కడుతున్నాం, కింద ఒకటి, పైన ఒకటి. మేడ మీద 200 లీటర్ల సోలార్ హీటరు, గాజు ట్యూబుల రకం. అక్కడి నుంచి కింది బాత్రూమ్ దాకా వేడినీళ్ల లైను మొత్తం గోడలోపలే. మా ప్లంబర్ సీపీవీసీ (గమ్ముతో అతికించే ప్లాస్టిక్ పైపు) వేస్తానంటున్నాడు. మా బావగారు పీపీఆర్ (వేడిచేసి వెల్డింగ్ పెట్టే ప్లాస్టిక్ పైపు) తప్ప ఇంకేదీ వద్దంటున్నారు. బోరు నీళ్లు, వారానికే కెటిల్ అడుగున తెల్లగా గట్టిపడతాయి, కాబట్టి జీఐ (జింకు పూత ఉన్న ఇనుప పైపు) మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. సోమవారం గోడలో పైపుకు గాడి కొడతారు. ఏది వేయించమంటారు?

ఓబులేసు_ధర్మవరం: అమ్మా, 22 ఏళ్లుగా బెంగళూరులో నాకు ఇదే పని. సీపీవీసీ వేయించండి. 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఎస్‌డీఆర్ 11 (పైపు మందాన్ని చెప్పే గుర్తు) పైపు 82 డిగ్రీల నీళ్లలో కూడా 7 కేజీల ప్రెజర్ మోస్తుంది, అంటే చదరపు సెంటీమీటరుకు 7 కేజీలు. 10 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే వచ్చేది ఒక కేజీ. మీ కింది కుళాయి దగ్గర అంత కూడా ఉండదు. పైపు మీద ఐఎస్ 15778 (సీపీవీసీ పైపుల భారతీయ ప్రమాణం) ముద్ర ఉందో లేదో చూసుకోండి. గమ్ము సీపీవీసీదే వాడాలి. చల్లనీళ్ల యూపీవీసీ పైపుల గమ్ము డబ్బా మిగిలింది కదా అని దానితోనే కానిచ్చేవాళ్లు ఉన్నారు, దగ్గరుండి చూసుకోండి.

వైట్‌ఫీల్డ్_శ్రీనివాస్: సుధ గారూ, ఆ మాట మీద పోవద్దు. మా ఫ్లాటులో సీపీవీసీనే. నాలుగో ఏడు షవర్ వెనక టీ (మూడు పైపులు కలిసే ఫిట్టింగు) దగ్గర కారింది. మాకు తెలియలేదు, కింది ఇంటివాళ్ల సీలింగ్ ఉబ్బాక తెలిసింది. 11 టైల్స్ పగలగొట్టారు, ఆ డిజైన్ ఇప్పుడు దొరకడం లేదు. తీసిన టీ నా చేతిలో పెట్టారు. గమ్ము ఒక పక్కే అంటుకుంది, రెండో పక్క పైపు కొత్తదానిలా మెరుస్తోంది. పీపీఆర్‌లో ఆ గొడవ లేదు. మిషన్ 260 డిగ్రీలు వేడెక్కుతుంది, 20 ఎంఎం పైపు, ఫిట్టింగు రెండూ 5 సెకన్లు దాని మీద పెట్టి తీసి ఒకదాంట్లో ఒకటి దూరిస్తే రెండూ ఒకటే ముక్క.

ఓబులేసు_ధర్మవరం: 5 సెకన్లు లెక్క పెట్టేదెవరు సార్? నిచ్చెన మీద, మూలలో, కరెంటు వస్తూ పోతూ ఉంటే? 10 సెకన్లు కాల్చి గట్టిగా తోస్తే కరిగిన ప్లాస్టిక్ లోపలికి ముద్దగా వస్తుంది. అలాంటి ఎల్బో (పైపు మలుపు ఫిట్టింగు) ఒకటి నేనే కోసి చూశాను, పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. పైన ట్యాంకు నిండా నీళ్లున్నా కింద షవర్ సన్నగా వస్తుందంటే ఇదే. ఇంకోటి, పీపీఆర్ వేడికి బాగా సాగుతుంది. 8 మీటర్ల లైను 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 సెంటీమీటర్లు. సీపీవీసీ అయితే 2 సెంటీమీటర్లు.

వైట్‌ఫీల్డ్_శ్రీనివాస్: గోడలో సిమెంటు పట్టేశాక ఎక్కడికి సాగుతుంది? మేడ మీద విడిగా పోయే చోట ఫైబర్ పొర ఉన్న పీపీఆర్ వేసి, ఎండ తగలకుండా ఇన్సులేషన్ చుడితే సరిపోతుంది.

రాజాజీనగర్_ప్రసాద్: ఆరేళ్లు టొరంటోలో ఉన్నాను. అక్కడ మా ఇంట్లో చలికాలం వేడినీళ్లు నేల కిందే తిరిగేవి. పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ పైపు ఒక్క చుట్టగా పరుస్తారు, నేల లోపల జాయింటు అనేదే ఉండదు. జాయింట్లన్నీ గోడ మీది పెట్టెలో, పైపులన్నీ వచ్చి కలిసే మానిఫోల్డ్ దగ్గర, తలుపు తీస్తే కనిపిస్తాయి. అదే నీరు మూసి ఉన్న లైనులో తిరుగుతుంటుంది కాబట్టి ఆక్సిజన్ లోపలికి చొరబడకుండా పొర ఉన్న పెక్సే వాడతారు, లేకపోతే బాయిలర్, పంపు తుప్పు పడతాయి. కుళాయి నీళ్లకు ఆ పొర అక్కర్లేదు. సుధ గారూ, పైపు ఏదైనా గోడలో జాయింట్లు తగ్గించండి.

ఓబులేసు_ధర్మవరం: పెక్స్ మంచిదే అన్నా. కానీ దాని ప్రెస్సింగ్ టూలు నా దగ్గర లేదు. రేపు రాత్రి ఫిట్టింగ్ పోతే మన వీధి చివర షాపులో దొరకదు, ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల దాకా పోవాలి.

బేగూరు_గీత: సోలార్ ట్యాంకు నుంచి బయటికి వచ్చే మొదటి మీటరు ఏం వేస్తున్నారు? ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఊరెళ్లి వస్తే ట్యూబుల హీటరులో నీళ్లు మరిగినంత వేడిగా ఉంటాయి.

ఓబులేసు_ధర్మవరం: మంచి మాట అడిగారమ్మా. అక్కడ ఏ ప్లాస్టిక్కూ వద్దు. మొదటి మీటరు కాపరు, లేదా జీఐ వేసి యూనియన్ (విప్పదీయగలిగే జాయింటు) పెట్టాలి. ఉప్పు పట్టినా విప్పి మార్చుకోవచ్చు. అక్కడి నుంచి సీపీవీసీకి బ్రాస్ త్రెడ్డు ఉన్న ఫిట్టింగే వాడాలి. త్రెడ్డుకు టెఫ్లాన్ టేపు చాలు. నూనె, పెయింటు పూయకండి, సీపీవీసీ చీలిపోతుంది.

వైట్‌ఫీల్డ్_శ్రీనివాస్: గమ్ము రెండు పక్కలా రాశారో లేదో ఎవరు చూశారు అన్నదానికి మాత్రం మీరు జవాబు చెప్పలేదు. అన్నీ తెలుసంటారు, పనిలో చూపించరు. గోడ మూసి డబ్బు తీసుకుని పోతారు. తర్వాత ఫోన్ ఎత్తరు. మీ ప్లంబర్లందరిదీ ఇదే వరస.

ఓబులేసు_ధర్మవరం: సార్, ఆ టీకి గమ్ము రాసిన చెయ్యి నాది కాదు. అందరినీ ఒక గాట కట్టొద్దు. నేను ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకుండా చెప్పండి. మీ గోడ మూసే ముందు నీళ్లు నింపి, ప్రెజర్ ఎక్కించే టెస్టింగ్ పంపు పెట్టారా?

వైట్‌ఫీల్డ్_శ్రీనివాస్: పెట్టలేదు.

ఓబులేసు_ధర్మవరం: ఎందుకు పెట్టలేదు? గమ్ము ఆరడానికి ఒక రోజు, పంపు పెట్టి చూడటానికి ఇంకో రోజు. బాత్రూమ్‌కు ఇంత అని రేటు మాట్లాడుకున్నాక ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారు? పోయిన శ్రావణంలో ఒక ఇంట్లో టెస్టింగ్ చేయాలని మూడుసార్లు చెప్పాను. గృహప్రవేశం గురువారం, నీ టెస్టింగ్ కోసం ముహూర్తం ఆగుతుందా అన్నారు. మధ్యాహ్నం గమ్ము వేశాను, సాయంత్రానికి మేస్త్రి గాడి పూడ్చేశాడు. ఆ ఇంట్లో రేపు కారితే చెడ్డపేరు నాకే.

వైట్‌ఫీల్డ్_శ్రీనివాస్: మాదీ అంతే. పాలు పొంగించే తేదీ నేనే జరపనన్నాను. మా అమ్మకు ఒంట్లో బాగాలేదు, ఆవిడ చూడాలని. టైల్స్ వాళ్లు మర్నాడు పొద్దున్నే వచ్చారు. కానీ ఓబులేసు గారూ, మూసే ముందు ఒక్క ఫోన్ చేసి వచ్చి చూసుకోండి సార్ అని ఎవరూ అనలేదు. నాలుగేళ్లుగా నా మనసులో ఉన్నది అది. నేను పీపీఆర్ పీపీఆర్ అనడం కూడా అందుకే. వెల్డింగ్ పడితే జాయింటు చుట్టూ ప్లాస్టిక్ రెండు వరసలుగా పొంగి కనిపిస్తుంది, నాలాంటివాడు కూడా టార్చి వేసి చూసుకోవచ్చు. గమ్ము లోపలి దాకా ఉందో లేదో బయటి నుంచి నాకెలా తెలుస్తుంది?

ఓబులేసు_ధర్మవరం: అది నిజమే సార్. కంటికి తెలియదు. పంపు ప్రెజర్ మీటరు ముల్లు దిగిందో లేదో చూస్తేనే తెలుస్తుంది.

హొరమావు_సుధ: మా ప్లంబర్‌తో ఇప్పుడే మాట్లాడాను. పీపీఆర్ మిషన్ అతని దగ్గర ఉందట, కానీ రెండిళ్లకే వేశాడట. సీపీవీసీ రోజూ చేసే పని. కాబట్టి సీపీవీసీకే వెళ్తున్నాం. ట్యాంకు దగ్గర కాపరు. సోమ, మంగళ లైను పని, టైల్స్ వాళ్లను శనివారం దాకా రావద్దన్నాను. రెండు రోజుల కూలి వేరేగా ఇస్తానన్నాను. పంపు ఎన్ని కేజీలు పెట్టించాలి?

ఓబులేసు_ధర్మవరం: 10 కేజీలు. ముందు అన్ని పాయింట్లకూ ప్లగ్గులు బిగించి, పైన ఒకటి వదిలి గాలంతా పోనివ్వండి. గాలి మిగిలితే ముల్లు సరిగా చెప్పదు. సోలార్ ట్యాంకును లైను నుంచి విడదీసే పంపు పెట్టాలి, అది అంత ప్రెజర్ తట్టుకోదు. బుధవారం సాయంత్రం పెట్టి ముల్లు ఫోటో తీయండి, గురువారం పొద్దున ఇంకోటి. గాడి అప్పటిదాకా తెరిచే ఉండాలి, ప్రతి జాయింటునూ చేత్తో తడిమి చూడండి. పంపు లేకపోతే నాది పట్టుకెళ్లండి, కె.ఆర్. పురంలోనే ఉంటాను.

వైట్‌ఫీల్డ్_శ్రీనివాస్: సీపీవీసీకి నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ రెండు ఫోటోలు మాత్రం ఇక్కడ పెట్టండి సుధ గారూ. గాడి మూసే ముందు గోడ మొత్తం వీడియో కూడా తీయండి, టేపు పక్కన పెట్టి కొలతలు కనిపించేలా. మా ఇంట్లో టీ ఎక్కడుందో తెలియకే 11 టైల్స్ పోయాయి.