సంక్రాంతికి కుక్కకు వేరే పిండివంట చేయాలా, మనది పెట్టాలా, ఏదీ వద్దా?

రాజమండ్రి రాణి
అందరికీ నమస్కారం. మా ఇంట్లో లాబ్రడార్ ఉంది, పేరు జాకీ, 28 కిలోలు. సంక్రాంతికి చుట్టాలతో ఇల్లు నిండిపోతుంది. ఈసారి మా అమ్మాయి పట్టు పట్టింది, "మనకి అరిసెలు, సున్నుండలు ఉన్నప్పుడు జాకీకి కూడా దానికంటూ ఏదో ఒకటి చేద్దాం" అని. మా ఆయనేమో "కుక్కకి పండగేంటి, రోజూ వేసేదే వెయ్యి. అంతగా కావాలంటే షాపులో బిస్కెట్లు కొందాం" అంటారు. మా అత్తగారిది మూడో మాట: "మనం తినేదాంట్లో ఓ ముక్క పెడితే పోలా? మా కాలంలో అలాగే పెంచాం." ఇంట్లో పంచాయితీ తెగడం లేదు. మీరేమంటారు?

కరీంనగర్ కాకా
మీ అత్తమ్మ మాటే నా మాట, చెల్లె. మా ఇంట్ల సకినాలు చేసినప్పుడు ఫస్టు విరిగినవన్నీ కుక్కకే. పులిహోర, పరమాన్నం, కోడికూర, అన్నీ తిన్నది. పదమూడేండ్లు బతికింది. ఇప్పుడు యూట్యూబ్ చూసి కుక్కకు కేకులు చేసుడు మొదలుపెట్టిండ్రు. అది మనతోని పెరిగిన జంతువు, మనం తినేది దానికి పడుతది.

లెక్కల మాస్టారు
కాకా గారి మాటలో సగం నిజముంది. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటి చెప్పింది: తోడేళ్లతో పోలిస్తే కుక్కల్లో పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు చాలా ఎక్కువ. మనుషుల చుట్టూ తిరుగుతూ మన అన్నం, గంజి తినడం వల్ల వచ్చిన మార్పు అది. కాబట్టి కుక్క అన్నం తినకూడదనేవాళ్ల మాట నేనూ నమ్మను.

కానీ అన్నం అరగడం వేరు, అరిసె పెట్టడం వేరు. కుక్కకు రోజుకెంత శక్తి కావాలో పశువైద్యులు ఒక సూత్రంతో లెక్కేస్తారు. కిలోల్లో బరువును 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణిస్తే విశ్రాంతిలో కావాల్సిన కేలరీలు వస్తాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు దాన్ని మళ్లీ సుమారు 1.6తో గుణిస్తారు. జాకీకి రోజు మొత్తానికి 1,360 దాకా వస్తుంది. చిరుతిళ్లు అందులో పది శాతం దాటకూడదనేది అంతటా చెప్పే నియమం, అంటే 136. ఇప్పుడు అరిసె చూడండి. బియ్యప్పిండి, బెల్లం, పైన పీల్చిన నూనె. 40 గ్రాముల అరిసెలో 150, 160 కేలరీలు ఉంటాయి. ఒక్క అరిసెతోనే జాకీ కోటా అయిపోయింది. ఇంటికి పదిమంది చుట్టాలొచ్చి తలా ఒక ముక్క పెడితే?

అదే పది కిలోల పామరేనియన్ సంకరమైతే కోటా 63 కేలరీలే. చెంచాడు నెయ్యికే 45 పోతాయి.

కరీంనగర్ కాకా
మాస్టారూ, కుక్కకు ఘాతాలు ఎక్కించిండ్రు. పండగ ఒక్కరోజే కదా!

నెల్లూరు పశువైద్యుడు
కాకా గారూ, ఆ "ఒక్కరోజే" మర్నాడే మా దగ్గర రద్దీ. నూనె, నెయ్యి ఒక్కసారిగా ఎక్కువ పడితే కొన్ని కుక్కల్లో క్లోమం (పాంక్రియాస్) వాస్తుంది. ఆపకుండా వాంతులు, కడుపు పట్టేసి వంగిపోవడం, తిండి మానేయడం. కొన్నిటికి సెలైన్లతో తగ్గుతుంది, కొన్ని బతకవు. లావుగా ఉన్న కుక్కలకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

చాక్లెట్ ప్రమాదమని అందరికీ తెలుసు. అందులోని థియోబ్రోమిన్ వల్ల గుండె దడ, ఫిట్స్ వస్తాయి, డార్క్ చాక్లెట్ అయితే మరీ. కానీ మన సంక్రాంతి వంటింట్లో చాక్లెట్ ఎక్కడుంది? ఉన్నవి వేరు.

మొదటిది కిస్‌మిస్. పరమాన్నంలో, చక్కెర పొంగలిలో నేతిలో వేయించి వేస్తాం. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క కిడ్నీలను దెబ్బతీస్తాయని చాలా ఏళ్లుగా తెలుసు, ఎందుకో మాత్రం తెలిసేది కాదు. 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థ విష నియంత్రణ కేంద్రం వైద్యులు కారణం టార్టారిక్ యాసిడ్ కావచ్చని చెప్పారు. కేకుల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టర్ తిన్న కుక్కకూ అలాగే కిడ్నీలు దెబ్బతినడం చూసి వాళ్లకు అనుమానం వచ్చింది. మరుసటి ఏడు ప్రచురించిన కేసుల్లో చింతపండు తిన్న కుక్కలు కూడా ఉన్నాయి. చింతపండు గుజ్జులో టార్టారిక్ యాసిడ్ బరువులో 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. అందుకే పులిహోర వద్దంటాను. ఉగాది పచ్చడి కూడా వద్దు. మామూలు చారు అన్నం మెతుకు నాకితే జాకీ లాంటి పెద్ద కుక్క చచ్చిపోతుందని భయపెట్టను. కానీ ఎంత తింటే ప్రమాదమో ద్రాక్ష విషయంలో ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంది. అలాంటప్పుడు హద్దు వెతుక్కుంటూ పోవడం దేనికి?

రెండోది ఉల్లి, వెల్లుల్లి. ఇవి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి. ఉడికించినా ఆ గుణం పోదు. ఎండబెట్టి పొడి చేస్తే ఇంకా గాఢం. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి తింటే రక్తంలో మార్పు కనిపిస్తుందని లెక్క. పది కిలోల కుక్కకు రెండు ఉల్లిపాయలు చాలన్నమాట. కూర గిన్నె అడుగున మిగిలిన గుజ్జులో అంత ఉల్లి ఉండొచ్చు.

మూడోది కనుమనాడు నాటుకోడి కూర. ఉడికిన ఎముక విరిగితే సూదిలా చీలి, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

కరీంనగర్ కాకా
మరి మా కుక్క పదమూడేండ్లు ఎట్ల బతికింది డాక్టర్ సాబ్?

నెల్లూరు పశువైద్యుడు
బతికినదాని గురించే చెప్పుకుంటాం కదండీ. పండగ తర్వాత రెండు మూడు రోజులకు ఊళ్లో ఏదో కుక్క డీలా పడి, ఉచ్చ పోయడం ఆగి, చచ్చిపోతే "ఎండకు పోయింది", "ఎవరో మందు పెట్టారు" అనేవాళ్లు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఎవరు చేయించారు?

మాటకు మాట
నేను రాణి గారి భర్త పక్షం. డాక్టరు గారు చెప్పిందంతా ఒప్పుకుంటా, కానీ దాన్నుంచి తేలేది "వేరే వంటకం చేయండి" అని కాదు, "ఏమీ చేయొద్దు" అని. కుక్కకు తేదీలు తెలియవు. పండగ వంటకం మన ముచ్చట, ఫొటో కోసం. పైగా ఇంట్లో చేశామంటే మంచిదనే గుడ్డి నమ్మకం ఒకటి వస్తుంది. నెట్‌లో చూసి బెల్లం వేస్తారు, రుచికి నెయ్యి వేస్తారు, పొంగడానికి వంట సోడా వేస్తారు. మా పక్కింటావిడ తమ కుక్క పుట్టినరోజుకి కేకు చేసి జాజికాయ కూడా తురిమింది! జాజికాయ ఎక్కువైతే కుక్కకు విషమని ఆవిడకు తెలియదు. షాపు బిస్కెట్ ప్యాకెట్ మీద కనీసం అందులో ఏముందో రాసి ఉంటుంది.

డాలస్ తెలుగమ్మాయి
ప్యాకెట్ మీద రాత చూసి నిశ్చింతగా ఉండలేమండీ. 2007లో ఇక్కడ మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిసిన పెట్ ఫుడ్ తిని ఎన్నో పెంపుడు జంతువులు కిడ్నీలు పాడై చనిపోయాయి. అదే ఏడాది నుంచి చైనా చికెన్ జర్కీ (ఎండబెట్టిన కోడిమాంసం) ట్రీట్ల మీద ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ఫిర్యాదులు మొదలయ్యాయి. కొన్నేళ్లలో వెయ్యికి పైగా కుక్కల మరణాలు ఆ ఫిర్యాదుల్లోకెక్కాయి. అసలు కారణమేమిటో ఎఫ్‌డీఏ తేల్చలేకపోయింది.

ఇంట్లో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇక్కడి చాలా రెసిపీల్లో పీనట్ బటర్ ఉంటుంది. చక్కెర లేదని రాసిన కొన్ని డబ్బాల్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, కొందరు దాన్ని బర్చ్ షుగర్ అని రాస్తారు. మనుషులకు ఏమీ కాదు. కుక్కలో మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా పొంగి రక్తంలో చక్కెర పడిపోతుంది. కిలోకు 0.1 గ్రాము చాలు. ఇంకొంచెం ఎక్కువైతే కాలేయం పోతుంది. ఇండియాలో కూడా "షుగర్ ఫ్రీ" స్వీట్లు, చూయింగ్ గమ్‌లు కొనేటప్పుడు ఏం కలిపారో చదవండి. తాతగారి డయాబెటిక్ స్వీట్ డబ్బా కుక్కకు అందేచోట ఉండకూడదు.

రాజమండ్రి రాణి
అమ్మో, మీరంతా కలిసి టెన్షన్ పెట్టేశారు. ఒక విషయం చెప్తాను. పోయినేడు చుట్టాలందరికీ "దానికేమీ పెట్టకండి" అని ముందే చెప్పాను. మా మరిది పిల్లలు, పెద్దమామయ్య, పనమ్మాయి, ఎవరూ వినలేదు. అది ఎదురుగా కూర్చుని చూస్తుంటే ఎవరికి మాత్రం మనసు ఒప్పుతుంది? "ఏదీ వద్దు" అన్న మాట పండగ ఇంట్లో నడవడం లేదు, అదీ నా బాధ.

వీధికుక్కల నేస్తం
మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది రాణి గారూ. ప్రత్యేక వంటకం కుక్క కోసం కాదు, చుట్టాల చేతుల కోసం. ఒక డబ్బా మీద "జాకీది" అని రాసి హాల్లో పెట్టండి. పెట్టాలనుకున్నవాళ్లు అందులోంచే పెట్టాలి. పొద్దున్నే రోజు కోటా లెక్కబెట్టి డబ్బాలో వేయండి, అయిపోతే అయిపోయినట్టే. "పెట్టొద్దు" అంటే వినని పిల్లలు "ఇది పెట్టు" అంటే వింటారు. మా అపార్ట్‌మెంట్లో ఐదారు ఇళ్లవాళ్లం ఇదే చేస్తాం.

ఇంకోటి. భోజనాలయ్యాక విస్తళ్లు, ఎముకలు గేటు బయట పారేయకండి. వాటిని వీధికుక్కలు తింటాయి. వాటికి పెట్టాలనుకుంటే వేరే అన్నం పెట్టండి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పిల్లలు ఆడుకునేచోటు, మెట్లు, గేట్లు కాకుండా అందుకు నిర్ణయించిన చోటే పెట్టాలి.

లెక్కల మాస్టారు
ఇది నాకు నచ్చింది. అయితే వంటకానికి లెక్క కావాలి. నేను చేసేది చెప్తాను, సంక్రాంతికి చౌకగా దొరికేవే. ఉడికించిన చిలగడదుంప పావుకిలో (కొన్నిచోట్ల గెనుసుగడ్డ అంటారు), రాగి పిండి 120 గ్రాములు, ఒక గుడ్డు. ఉప్పు, బెల్లం, నెయ్యి ఏవీ వద్దు. దుంప మెత్తగా మెదిపి, గుడ్డు కొట్టి, పిండి కొద్దికొద్దిగా కలిపితే చపాతీ ముద్దలా వస్తుంది. అరంగుళం మందాన ఒత్తి 40 ముక్కలు కోయండి. ఓవెన్ ఉంటే 170 డిగ్రీల మీద అరగంట, లేకపోతే మందపాటి పెనం మీద నూనె లేకుండా సన్నసెగన రెండువైపులా. మొత్తం 680 కేలరీలు, ముక్కకు 17. జాకీకి రోజుకు ఎనిమిది, ఇందాక చెప్పిన పది కిలోల సంకరానికి మూడు. ఎనిమిది ముక్కలు పెడితే రాత్రి గిన్నెలో ఆ మేరకు తగ్గించాలి, అది మర్చిపోతే లెక్కంతా దండగ.

తడి మిగిలి ఉంటుంది కాబట్టి బయట పెడితే బూజు పడుతుంది. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, అంతకు మించితే ఫ్రీజర్. చిలగడదుంప బదులు గుమ్మడికాయ కూడా వాడొచ్చు, నీరెక్కువ కాబట్టి పిండి కాస్త ఎక్కువ పడుతుంది.

మాటకు మాట
డబ్బా ఐడియా తెలివైనదే, కాదనను. కానీ రెసిపీ అందరి కుక్కలకూ పనికొస్తుందని రాయకండి. మా దానికి మూత్రంలో రాళ్లు, చిలగడదుంప పెట్టొద్దన్నారు.

నెల్లూరు పశువైద్యుడు
నిజమే. చిలగడదుంపలో రాళ్లు కట్టే ఆక్సలేట్లు ఎక్కువ, ఆ రకం రాళ్లున్న కుక్కకు వద్దు. షుగరు, క్లోమం జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాటికి కూడా మీ డాక్టరును అడక్కుండా కొత్తదేదీ పెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మాస్టారి ముక్కల్లో నాకు తప్పు కనిపించలేదు. పండగనాడే మొదటిసారి కాకుండా వారం ముందు ఒక ముక్క పెట్టి విరేచనాలు అవుతాయేమో చూసుకోండి. వేరుశనగ వాడేవాళ్లు బూజు వాసన ఉన్న పల్లీలు పారేయండి, అందులోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కుక్క కాలేయాన్ని తినేస్తుంది.

తినకూడనిది తినేసిందని తెలిస్తే ఉప్పునీళ్లు పోసి కక్కించకండి. ఆ ఉప్పే మెదడుకు ఎక్కి చంపగలదు. ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది, కుక్క బరువెంత, ఈ నాలుగూ ఫోన్లో చెప్పి వెంటనే బయల్దేరండి. కిస్‌మిస్ తిన్నప్పుడు వాంతులు కాలేదు కదా అని ఆగొద్దు. మొదటి కొన్ని గంటల్లో మేం చేయగలిగింది మర్నాడు చేయలేం.

కరీంనగర్ కాకా
సరే, నూనెలో వేయించినయి బంద్. పులిహోర సంగతి నాకు నిజంగనే తెల్వది, చింతపండుకు అంత కథ ఉన్నదా! కానీ ఒత్తి పెనం మీద కాల్చిన దుంపముక్కను పిండివంట అనకుండ్రి మాస్టారూ, సకినం బాధపడతది.

రాజమండ్రి రాణి
మా అమ్మాయి రేపే డబ్బా మీద పేరు రాస్తానంటోంది. మా ఆయన "ఎనిమిది ముక్కలు నేనే లెక్కబెడతా" అన్నారు, అంటే ఒప్పుకున్నట్టే. అత్తగారు మాత్రం ఒక ప్రశ్న అడగమన్నారు డాక్టరు గారూ. కనుమనాడు మినుము తినాలి అంటారు కదా, ఒక్క గారె అయినా పెట్టొద్దా?

నెల్లూరు పశువైద్యుడు
మినుము తినాలన్నారు గానీ నూనె తాగాలనలేదు కదమ్మా. ఉప్పు, ఉల్లి, మిర్చి వేయకముందే చారెడు పిండి తీసి ఆవిరి మీద ఉడికించి, చల్లారాక ఓ ముక్క పెట్టమనండి. శాస్త్రం కాస్తా తీరుతుంది.

రాజమండ్రి రాణి
చదివి వినిపించాను. "దాన్ని ఇడ్లీ అంటారు, దానికి డాక్టరెందుకు" అంటున్నారు.