కాకినాడ హోప్ ఐలాండుకు శని, ఆదివారాల ప్రయాణం: పెద్దవారితో, పిల్లలతో వెళ్లవచ్చా?

ప్రశ్న (హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి)

అందరికీ నమస్కారం. జనవరిలో ఒక శని, ఆదివారాలు చూసుకుని కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండుకు కుటుంబంతో వెళ్లాలనుకుంటున్నాము. నేను, మావారు, పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, మా అత్తగారు, మొత్తం ఐదుగురం. నిజానికి ఈ ఆలోచన అత్తగారి కోసమే మొదలైంది. ఆవిడ రామచంద్రపురం దగ్గర పుట్టి పెరిగారు. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు కాకినాడ తీసుకువచ్చినప్పుడల్లా సముద్రం ఒడ్డున నిలబెట్టి, నీళ్ల చివర సన్నగా గీత గీసినట్లు కనిపించే నేలను చూపించి, "అదిగో హోప్ ఐలాండు, పెద్దయ్యాక వెళ్దువుగానిలే" అనేవారట. ఇప్పుడు ఆవిడకు 68 ఏళ్లు, ఇంకా వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. చదునైన చోట నెమ్మదిగా నడవగలరు కానీ ఎక్కి దిగడం కష్టం.

శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం ఉదయం కాకినాడలో దిగి, ఆదివారం రాత్రి అదే బండిలో తిరిగి రావాలని మా ఆలోచన. దీవిలో ఒక రాత్రి ఉండే వీలుందా, బోటు ఎక్కడ ఎవరిని అడిగి మాట్లాడుకోవాలి, జనవరి మంచి కాలమేనా అన్నవి నా ముఖ్యమైన సందేహాలు. మా అమ్మాయి తాబేళ్ల గురించి బడిలో చదివి వచ్చి, వాటిని తప్పక చూడాలని పట్టుబడుతోంది. వెళ్లి వచ్చినవారు, అక్కడివారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం (కాకినాడ, జగన్నాథపురం నుంచి)

నమస్కారమమ్మా. నేను పుట్టింది, ఉద్యోగం చేసింది, విశ్రాంతి తీసుకుంటున్నది అంతా కాకినాడలోనే కనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందుగా రాత్రి బస సంగతి. దీవిలో హోటళ్లు, అతిథి గృహాలు ఏవీ లేవు. ఉన్నవి ఇసుక, సరుగుడు చెట్లు, మడ చెట్లు, మత్స్యకారుల చిన్న ఊరు. ఆ ప్రాంతం 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యానికి చెందినది కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండకూడదు, ఉండాలనే ఆలోచన కూడా వద్దు. కాకినాడలో గది తీసుకుని, పగలు వెళ్లి పగలే తిరిగి వచ్చేటట్లు చూసుకోండి.

ఇక అసలు విషయం. మీరు ముందు రైలు టిక్కెట్టు తీసి తరువాత బోటు గురించి ఆలోచిస్తున్నారు. దీన్ని తిరగవేయండి. హోప్ ఐలాండుకు వెళ్లే రోజును నిర్ణయించేది ఆటుపోట్లు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, ప్రతి రోజూ ఆ వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే వారం తిరిగేసరికి దాదాపు ఆరు గంటల తేడా వస్తుంది. ఈ శనివారం ఉదయం పదింటికి నిండుగా నీళ్లతో ఉన్న పాయ, వచ్చే శనివారం అదే పదింటికి బురద తేలి కనిపిస్తుంది. కాకినాడ అఖాతం లోతు తక్కువ, మడ అడవుల మధ్య పాయలు ఇంకా తక్కువ. కాబట్టి ఒక శనివారం హాయిగా సాగే ప్రయాణం మరుసటి శనివారం అవస్థ అవుతుంది. రెండు వారాలకు మళ్లీ ఇంచుమించు మొదటి వేళకే వస్తుంది కనుక, ఒక శనివారం కుదరదని తేలితే దాని ముందుదీ తరువాతదీ చూసుకోవాలి.

మా వైపు బోటు నడిపే సరంగులు దీనికి పంచాంగం చూస్తారు. అమావాస్యకు, పౌర్ణమికి నీరు బాగా ఎక్కి బాగా తీస్తుంది. అష్టమి, నవమి రోజులలో ఎక్కడమూ తక్కువే, తీయడమూ తక్కువే. పెద్దవారితో వెళ్లేటప్పుడు నీటి తేడా తక్కువగా ఉండే తిథులు మేలని నా అభిప్రాయం. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానాలకు వేల మంది వస్తారు, గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర అక్కడే మొదలవుతుంది. అది చూడవలసిన తీర్థమే కానీ మీ ప్రయాణానికి ఆ రోజు తగదు. కోరంగి దారంతా జనంతో నిండి ఉంటుంది.

జనవరి మంచి కాలమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను భయం ఉంటుంది. ఏప్రిల్ తరువాత ఇసుక మీద కాలు పెట్టలేరు. అయినా జనవరి అని నిశ్చింతగా ఉండకుండా, బయలుదేరే ముందు రోజు ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) వారి సముద్ర స్థితి సూచన చూడండి. ఆ సంస్థ మీ హైదరాబాదులోనే, ప్రగతినగర్‌లో ఉంది. అలల ఎత్తు, గాలి వేగం మత్స్యకారుల కోసం రోజూ ఇస్తారు. ఓడరేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేసినా సరే, ప్రయాణం మానుకోండి.

బోటు విషయంలో పర్యాటక శాఖవి కానీ అటవీశాఖ అనుమతి ఉన్నవి కానీ తప్ప వేరే వాటిలో ఎక్కవద్దు. అవి అన్ని రోజులూ నడవవు కనుక రెండు రోజుల ముందు ఒకసారి, ముందు రోజు సాయంత్రం మరొకసారి అడిగి ఖాయం చేసుకోండి. చేపల బోటువారు తక్కువ డబ్బుకు తీసుకువెళ్తామంటారు. వాళ్లకు సముద్రం మనకన్నా ఎంతో బాగా తెలుసు, అందులో సందేహం లేదు. కానీ ఆ బోట్లు మనుషులను తిప్పడానికి కట్టినవి కావు, వాటిలో అందరికీ సరిపడా లైఫ్ జాకెట్లు ఉండవు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన ఘోరం తరువాత ఈ మాట చెప్పకుండా ఉండలేను. ఏడేళ్ల బాబుకు సరిపడే చిన్న జాకెట్టు ఉందో లేదో ముందే అడగండి. పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో అది బాబు తల మీదుగా జారిపోతుంది.

రెండవ సమాధానం (విజయవాడ నుంచి)

పై పెద్దాయన ఆటుపోట్ల గురించి చెప్పినది అక్షరాలా నిజమని మా అనుభవం వల్ల చెప్పగలను. మేము మూడేళ్ల క్రితం ఫిబ్రవరిలో మా నాన్నగారితో కలిసి వెళ్లాము. ఒక ప్రైవేటు వ్యక్తి దగ్గర బోటు మాట్లాడుకున్నాము. ఉదయం ఎనిమిదింటికి రమ్మని చెప్పిన మనిషి పదకొండు దాటాక వచ్చాడు. వెళ్లేటప్పుడు ఇబ్బంది లేకపోయింది. దీవికి, తీరానికి మధ్య సముద్రం చెరువులా నిలకడగా ఉంటుంది, ఎందుకంటే బయటి అలలన్నీ దీవి అవతలి ఒడ్డునే ఆగిపోతాయి. గోదావరి తెచ్చి పోసిన ఇసుకే గత రెండు వందల ఏళ్లలో ఇలా పొడుగ్గా, పదహారు కిలోమీటర్ల అడ్డుగోడలా పేరుకుందని, కాకినాడ రేవు నిమ్మళంగా ఉండడానికి కారణం అదేనని సరంగు దారిలో వివరించాడు.

తిరిగి వచ్చేటప్పుడు మడ అడవి చూపిస్తానని పాయలోకి తిప్పాడు. అప్పటికే నీరు తీస్తోంది. పావుగంటలో బోటు అడుగు బురదకు తగిలి ఆగిపోయింది. ఇంజను గట్టిగా తిప్పిన కొద్దీ నల్లటి బురద లేచిందే తప్ప బోటు కదలలేదు. మళ్లీ పోటు వచ్చేదాకా మూడు గంటలు అక్కడే కూర్చున్నాము. తాగే నీళ్లు రెండు సీసాలే ఉన్నాయి, నీడ లేదు, నాన్నగారు మధుమేహం మందు వేసుకుని అన్నం తినవలసిన వేళ దాటిపోయింది. బిస్కెట్లు ఉండబట్టి సరిపోయింది. ఆ రోజు పడిన ఆందోళన నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే పది గంటల ప్రయాణానికి సరిపడా నీళ్లు, పెరుగన్నం, మందులు, గొడుగులు, టోపీలు వెంట తీసుకువెళ్లమని గట్టిగా చెబుతున్నాను. దీవిలో కొనుక్కోవచ్చులే అనుకోవద్దు.

అయితే ఆ మూడు గంటలలో చూసిన దృశ్యాన్ని కూడా చెప్పాలి. నీరు తీసేకొద్దీ చుట్టూ బురదలోంచి వేలకొద్దీ సన్నటి వేళ్లు, పెన్సిళ్లు గుచ్చినట్లు నిటారుగా బయటపడ్డాయి. అవి మడ చెట్లు గాలి పీల్చుకునే వేళ్లని, బురదలో గాలి ఆడదు కనుక పైకి వస్తాయని సరంగు చెప్పాడు. వాటి మధ్య బొటనవేలంత చేపలు రెక్కల మీద పాకుతూ, ఒక్కసారిగా గెంతుతూ తిరిగాయి. రెండు కొండిలలో బాగా పెద్దదైన ఎర్ర కొండిని పీతలు ఎత్తి ఊపుతుంటే, మా నాన్నగారు ఆకలి సంగతి మరిచి వాటినే చూస్తూ కూర్చున్నారు. పాయ పక్కన తిల్ల చెట్టు కొమ్మ విరవబోతే సరంగు గట్టిగా వారించాడు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమట. పిల్లలకు ఈ ఒక్క జాగ్రత్త తప్పక చెప్పండి.

మీ అత్తగారి విషయం. మేము దిగిన చోట బోటు ఇసుకకు ఆనలేదు, మోకాలి లోతు నీళ్లలో దిగి నడవవలసి వచ్చింది. మా నాన్నగారి కోసం ఇంటి నుంచి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకువెళ్లాము. సరంగు, అతని సహాయకుడు ఆయనను కుర్చీతో సహా ఎత్తి ఇసుక మీద దింపారు. ఆ తరువాత అదే కుర్చీలో సరుగుడు నీడన రెండు గంటలు కూర్చున్నారు. మీరు కూడా కుర్చీ తీసుకువెళ్లండి, ఎత్తడానికి ఇద్దరు మనుషులు ఉంటారా అని బోటు మాట్లాడేటప్పుడే అడగండి.

మూడవ సమాధానం (ఉప్పాడ నుంచి)

అక్కా, నేను రెండు సీజన్లుగా తాబేళ్ల గుడ్లు కాపాడే పనిలో సాయపడుతున్నాను. పాప కోరిక చదివి సంతోషం కలిగింది, కానీ నిజం చెప్పాలి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మా తీరంలో గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా, అదీ రాత్రి వేళలోనే. పగటి పూట వెళ్లేవారికి తల్లి తాబేలు కనిపించదు. కనిపించాలని రాత్రి ఉండిపోయేవారి టార్చిలైట్ల వల్లనే చాలా తాబేళ్లు గుడ్లు పెట్టకుండా వెనక్కి తిరిగిపోతాయి. వన్యప్రాణి రక్షణ చట్టంలో వీటికి మొదటి షెడ్యూలు రక్షణ ఉంది, గుడ్డును ముట్టుకోవడం కూడా నేరమే.

పాపకు చూపించదగినది ఒకటుంది. దీవికి పొద్దున్నే చేరగలిగితే, సముద్రం వైపు ఒడ్డున తడి ఇసుక మీద చిన్న ట్రాక్టరు నడిచినట్లు రెండు వరుసల జాడ కనిపించవచ్చు. నీళ్ల నుంచి పైకి వెళ్లిన జాడ ఒకటి, తిరిగి నీళ్లలోకి వెళ్లినది మరొకటి. రెండూ కలిసే చోట ఇసుక తిరగబోసినట్లు ఉంటుంది. తల్లి గోతిలో వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో దిమ్మిస కొట్టినట్లు అదిమి పోతుంది. ఆ చోటు తొక్కకుండా పక్కన నిలబడి చూడమనండి. గాలి, ఎండ వచ్చాయంటే ఆ జాడ చెరిగిపోతుంది.

ఆ గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్లడం చూడాలంటే మార్చి నెలలో రావాలి. అటవీశాఖ వారు కంచె వేసి కాపాడే చోట్ల వేకువజామున తాబేలు పిల్లలను వదిలేటప్పుడు, ముందుగా అడిగితే బడిపిల్లలను దగ్గర నిలబడనిస్తారు. అరచేతిలో పట్టేంత పిల్ల ఇసుక మీద ఆగి ఆగి పాకి, మొదటి అల తగలగానే ఒక్కసారిగా ఈత మొదలుపెడుతుంది. నేను వందలసార్లు చూశాను, ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మార్చి మొదటి భాగంలోకి మార్చుకోవాలని ఆలోచిస్తున్నాము, పరీక్షలకు ముందు ఒక శనివారం దొరుకుతుంది. కుర్చీలో ఎత్తడానికి అత్తగారు మొదట మొహమాటపడ్డారు, తరువాత ఒప్పుకున్నారు. ఒకవేళ ఆ రోజు బోటు దొరకకపోతే ఆవిడ నిరాశ పడకుండా ఏమి చూపించగలము?

మొదటి సమాధానం ఇచ్చినవారు

కోరంగికి తీసుకువెళ్లండమ్మా. కాకినాడ నుంచి యానాం దారిలో ఇరవై కిలోమీటర్ల లోపే. మడ అడవి మధ్య నుంచి చెక్కలతో నేలకు కాస్త ఎత్తుగా వేసిన బాట ఉంది. దాని మీద మెట్లు దాదాపు లేవు, మధ్యలో కూర్చోవడానికి బల్లలు ఉన్నాయి. ఆవిడ తనకు నచ్చినంత నెమ్మదిగా నడవవచ్చు. ఎండ ముదరకముందే, ఉదయం వెళ్లండి. ఒకప్పుడు అక్కడ పెద్ద రేవుపట్టణం ఉండేది, అక్కడి నుంచి మనవాళ్లు బర్మాకు ఓడలెక్కారు. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1839 నవంబరు తుఫానుకు ఆ రేవు తుడిచిపెట్టుకుపోయింది. రామచంద్రపురం వారంటున్నారు కనుక, వాళ్ల ఇంట్లో రంగూను వెళ్లినవారి కబుర్లు ఉండే ఉంటాయి, పిల్లల ముందు అడగండి.

సాయంత్రం కాకినాడ ఒడ్డుకు వచ్చి, వాళ్ల నాన్నగారు నిలబెట్టిన వైపే కూర్చోబెట్టండి. ఆకాశం తేటగా ఉంటే ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది. మార్చిలో ఏ శనివారమో ఖాయం చేసుకున్నాక ఇక్కడ రాయండి, ఆ రోజు తిథి, పోటు వేళ చూసి బోటు ఎన్నింటికి బయలుదేరాలో చెబుతాను. అప్పటిదాకా రైలు టిక్కెట్టు తీయకండి.