ఇంట్లో రికార్డు చేసే బ్లాక్ మెటల్‌కు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నట్టుండే ఆ గుణం ఎలా వస్తుంది?

నమస్కారం. గిటారు, డ్రమ్స్, గొంతు అన్నీ ఒక్క మనిషే తానై ఇంట్లో రికార్డు చేసే బ్లాక్ మెటల్ (వేగంగా, గరుకు శబ్దంతో సాగే ఒక రాక్ సంగీత శైలి) అంటే నాకు ప్రాణం. స్విట్జర్లాండ్‌లోని పేయిజాజ్ దివేర్, కాలిఫోర్నియాకు చెందిన జాస్తర్, లెవయతన్ అలాంటి ఏకవ్యక్తి బ్యాండ్లే. పేయిజాజ్ దివేర్ 1990ల చివరి క్యాసెట్లలో గిటారు మోత ఏదో, మంచుగాలి హోరు ఏదో విడదీయలేం. కాసేపు చెవి ఒగ్గితే ఆ హోరు అడుగున సన్నని కీబోర్డు రాగం తేలుతుంది. ఆ క్షణం కోసమే మళ్లీ మళ్లీ వింటాను. శుభ్రంగా రికార్డు చేసి ఉంటే ఆ రాగాన్ని వెతుక్కునే సుఖమే ఉండేది కాదు.

ఇప్పుడు నేనూ మొదలుపెట్టాను. చిన్న ఆంప్లిఫయర్ ముందు మైకు పెట్టి, ఒకే వరుసను వేగంగా మీటుతూ రెండుసార్లు రికార్డు చేసి, ఒకటి కుడి చెవికి, మరొకటి ఎడమ చెవికి పంపాను. రివర్బ్ (ప్రతిధ్వని ప్రభావం) పెంచితే అంతా ముద్దగా అయిపోతోంది. తగ్గిస్తే తేనెటీగలు చెవి దగ్గరే ముసిరినట్టుంది. దూరం మాత్రం రావడం లేదు.

రివర్బ్‌ను నేరుగా గిటారుకే కలపాలా, లేక వేరే ట్రాక్‌లో పెట్టి అందులోని మంద్ర స్వరాలను తగ్గించాలా? డిస్టార్షన్ (గిటారు శబ్దాన్ని గరుకుగా మార్చే ప్రభావం) తగ్గిస్తే వరుస స్పష్టమవుతుందా? కీబోర్డును ఎంత లోతున దాచాలి? నాలుగు ట్రాకుల పాత క్యాసెట్ రికార్డరు కొనకుండా, కంప్యూటర్‌లోనే ఈ శబ్దం సాధించినవారు ఉన్నారా? మీరు స్వయంగా చేసి చూసిన పద్ధతి ఏదైనా సరే, దయచేసి వివరంగా రాయండి.