ఇన్కా దారిలో మన బరువు పోర్టర్ల చేత మోయించడం న్యాయమేనా?

బాటసారి:
వచ్చే మే నెలలో అన్నయ్యతో కలిసి పెరూ వెళ్లాలనుకుంటున్నాను. ఇన్కాలు కొండ మీద కట్టిన పురాతన నగరం మాచు పిచ్చుకు రైల్లో కాకుండా ఇన్కా దారిలో నడిచి చేరుకోవాలని నా కోరిక. రైలు మార్గంలో 82వ కిలోమీటరు దగ్గర మొదలయ్యే ఈ నడక నాలుగు రోజులు సాగుతుంది, దాదాపు 43 కిలోమీటర్లు. సొంతంగా వెళ్లడాన్ని 2001లోనే ఆపేశారు. లైసెన్సు ఉన్న ఏజెన్సీతో, గైడుతో మాత్రమే వెళ్లాలి. గుడారాలు, గ్యాస్ సిలిండర్లు, వంటపాత్రలు, బల్లలు, కుర్చీలు అన్నీ పోర్టర్లు మోస్తారు. అదనంగా చెల్లిస్తే స్లీపింగ్ బ్యాగుతో కలిపి ఏడు కిలోల దాకా మన సంచి కూడా మోస్తారట.

ఇక్కడే మా ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది. నాలుగు వేల మీటర్ల ఎత్తులో సాటి మనిషి వీపు మీద మన కుర్చీలు ఎక్కించడం తగదని అన్నయ్య పట్టుబడుతున్నాడు. మాచు పిచ్చు వైపే వెళ్లే మరో నడకదారి, సామాను కంచరగాడిదల మీద వెళ్లే సల్కంటాయ్ దారిని ఎంచుకుందామంటాడు. మనం వెళ్లకపోతే ఆ పోర్టర్ల ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది నా ప్రశ్న. వెళ్లివచ్చినవాళ్లు, ఆలోచించినవాళ్లు చెప్పండి.

డాలస్ వాసి:
వెళ్లండి, సందేహం వద్దు. ఆ పోర్టర్లలో చాలామంది కుస్కో నగరం చుట్టుపక్కల కొండల్లో ఉండే కెచువా ఆదివాసీ రైతులు. బంగాళాదుంప, మొక్కజొన్న పండిస్తారు. పంట ఇంటి తిండికి సరిపోతుంది కానీ పిల్లల చదువుకు కావలసిన నగదు ఈ దారి మీదే దొరుకుతుంది. రోజుకు 500 మందిని మాత్రమే అనుమతిస్తారు. అందులో యాత్రికులు సుమారు 200 మందే. మిగతావాళ్లంతా గైడ్లు, వంటవాళ్లు, పోర్టర్లు. మీ అన్నయ్యగారి జాలి మంచిదే, కానీ ఆ జాలి వాళ్ల చేతికి ఒక్క సోల్ (పెరూ డబ్బు) కూడా ఇవ్వదు.

అనంతగిరి:
డాలస్ వాసి గారూ, ఉపాధి ఇస్తున్నాం కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకోవడం నాకు మింగుడుపడదు. నేను ఆ దారిలో నడిచాను. రెండో రోజు వార్మివాన్యుస్కా కనుమ ఎక్కాలి, 4,200 మీటర్ల పైనే. పది మెట్లు ఎక్కితే ఆగి ఊపిరి పీల్చుకోవలసి వచ్చేది. పోర్టర్లు నా పక్క నుంచి పరుగు లాంటి నడకతో వెళ్లిపోయేవారు. మేము బయలుదేరాక గుడారాలు విప్పి, మూటలు కట్టి, మమ్మల్ని దాటి ముందే మజిలీ చేరి, మేము వచ్చేసరికి వేడినీళ్లు, సూప్ సిద్ధం చేయాలి కదా.

కనుమ దిగేటప్పుడు నా ముందు ఒకాయన వెళ్తున్నాడు. యాభై దాటి ఉంటాయి. కాళ్లకు పాత టైరు రబ్బరుతో చేసిన చెప్పులు, వేళ్లు బయటికే. వాన పడి రాతి మెట్లు నున్నగా మెరుస్తున్నాయి. మెట్టు మెట్టుకూ మడమను అడ్డంగా తిప్పి పెడుతున్నాడు, వీపు మీది మూట పక్కకు లాగుతుంటే మోకాలు వణకడం స్పష్టంగా కనిపించింది. ఆ మూటకు పైన మా భోజనాల బల్ల కాళ్లు కట్టి ఉన్నాయి. ఆ రాత్రి పోర్టర్లు ఎక్కడ పడుకున్నారో తెలుసా? మేము తిని లేచాక అదే భోజనాల గుడారంలో, తడి నేల మీద. కొండ గాలికి అలవాటుపడిన ఊపిరితిత్తులు వాళ్లకు ఉండవచ్చు, మోకాళ్లు మాత్రం మనందరివీ ఒకటే.

కృష్ణాతీరం:
చట్టం గురించి కొంత చెప్పాలి. పెరూ 2001లో పోర్టర్ల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది, సంఖ్య 27607 (2022లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది). ఒక్కొక్కరు మోసే బరువు 20 కిలోలు మించకూడదు. తిండి, చలికి తట్టుకునే బస, బీమా కల్పించే బాధ్యత పనిలో పెట్టుకున్నవారిదే. దానికి ముందు పరిమితి అనేదే లేక ఘోరమైన బరువులు మోయించేవారు. దారి మొదట్లోనే తూకం వేస్తారు.

కానీ తూకం దగ్గర జరిగే మాయ చాలామందికి తెలియదు. కాటా వరకు ఎక్కువ బరువును ఇద్దరు ముగ్గురికి సర్దుతారు, కొంత గైడు సంచిలోకి పోతుంది. కాటా దాటాక మళ్లీ మూటలు మారతాయి. పోర్టర్ నోరు విప్పడు, మరుసటి నెల పిలుపు రాదేమోనన్న భయం. కాబట్టి అసలు ప్రశ్న మోయించవచ్చా లేదా అన్నది కాదని నా అభిప్రాయం. ఎంత మోయిస్తున్నారు, ఎవరు చూస్తున్నారు అన్నదే ప్రశ్న.

బాటసారి:
అయితే కంచరగాడిదల దారి మేలు కదా, అన్నయ్య చెప్పినట్టు?

రాయలసీమ పాఠకురాలు:
కంచరగాడిద మాట్లాడలేదు కాబట్టి మన మనసు తేలికపడుతుంది, అంతే. సల్కంటాయ్ కనుమ 4,600 మీటర్లు దాటుతుంది. 2022లో మన కేదార్‌నాథ్ దారిలో ఒక్క యాత్రాకాలంలోనే వందకు పైగా గుర్రాలు, కంచరగాడిదలు చనిపోయాయని పత్రికలు రాశాయి. సల్కంటాయ్‌లోనూ అలాగే ఉందని నేను అనడం లేదు. పశువు మోస్తే దోషం ఉండదన్న ధీమా వద్దంటున్నాను.

ఇంకో మాట. ఇన్కాల కాలంలో ఆ కొండల్లో గుర్రం లేదు, గాడిద లేదు. అవి 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లతో వచ్చాయి. ఆ మెట్లు మనిషి అడుగుకూ, ఒంటె జాతికి చెందిన లామా మెత్తని పాదానికీ తగ్గట్టు కట్టినవి. కంచరగాడిదల డెక్కలకు రాళ్లు కదిలిపోతాయని వాటిని ఆ రాతిబాట మీదికి రానివ్వరు. లామా పాతిక ముప్ఫై కిలోలకు మించి మోయదు, బరువు ఎక్కువైతే ఉన్నచోటే కూర్చుంటుంది, ఎంత అదిలించినా లేవదు. జీతం కోసం వచ్చిన మనిషికి ఆ స్వేచ్ఛ లేదు. అందుకే చట్టం కావాలి, ఆ చట్టాన్ని గుర్తుచేసే యాత్రికుడూ కావాలి.

డాలస్ వాసి:
అనంతగిరి గారూ, మీరు చూసింది నిజమే అయి ఉంటుంది. అయితే మా బృందంలో పోర్టర్లకు యూనిఫాం, బూట్లు, నడుముకు పట్టీ ఉన్న సంచులు, పడుకోవడానికి వేరే గుడారం ఉన్నాయి. మూడో రోజు రాత్రి మా వంటాయన ఓవెన్ లేకుండా గ్యాస్ పొయ్యి మీదే కేకు చేసి తెచ్చాడు. పనిలో అంత గర్వం ఉన్న మనిషిని బాధితుడిగా మాత్రమే చూడడం ఆయనను తక్కువ చేయడమేనని నాకు అనిపిస్తుంది.

అనంతగిరి:
గర్వాన్ని నేను కాదనలేదు. నైపుణ్యాన్ని చూసి చేతులెత్తి నమస్కరించాను కూడా. మరి అంత నైపుణ్యం ఉన్నవాళ్లలో చాలామంది మాచు పిచ్చును ఒక్కసారి కూడా చూడలేదని మీ గైడు చెప్పలేదా? చివరి రాత్రి బస విన్యాయ్ వాయ్నా దగ్గర. అక్కడి నుంచి మనం మాచు పిచ్చు కనిపించే సూర్యద్వారం వైపు వెళ్తాం, వాళ్లు మూటలతో కిందికి దిగి తమ రైలు పట్టుకుంటారు. మనల్ని తెల్లవారుజామున మూడున్నరకే లేపడానికి సూర్యోదయం ఒక్కటే కారణం కాదు, వాళ్ల రైలు వేళకు గుడారాలు విప్పాలి. తమ పూర్వీకులు కట్టిన ఊరి గుమ్మం దాకా లోకాన్ని మోసుకొచ్చి, లోపలికి పోకుండా వెనుదిరగడం నాకు ఇప్పటికీ సహించరానిదిగానే ఉంది.

కృష్ణాతీరం:
అందులో నేను మీతోనే ఉన్నాను. కొన్ని ఏజెన్సీలు తమ పోర్టర్లను ఏడాదికొకసారి తీసుకెళ్లి చూపిస్తాయని విన్నాను, అది అందరూ చేయవలసిన పని.

బాటసారి గారూ, మీరు డబ్బు కట్టేముందే రాతపూర్వకంగా అడగండి. మన బృందానికి పోర్టర్లు ఎంతమంది? 20 కిలోల్లో వాళ్ల సొంత దుప్పటి, బట్టలు కలిసే ఉన్నాయా? వాళ్లకు నేల మీద పరుచుకునే చాపలు, వేరే గుడారం ఉన్నాయా? రోజుకూలి ఎంత? జవాబు తప్పించుకునేవాళ్లతో వెళ్లకండి. మరీ చవగ్గా దొరికిన ట్రెక్కింగ్‌లో తగ్గిన డబ్బు ఎక్కువగా ఆ వీపుల మీదే తగ్గుతుంది. అనుమతి మీ పాస్‌పోర్టు సంఖ్యతో వస్తుంది, తర్వాత పేరు మార్చడం కుదరదు. మే నెల అంటే రద్దీ, నెలల ముందే అయిపోతుంది. ఫిబ్రవరిలోనైతే దారి మొత్తం మూసేస్తారు.

రాయలసీమ పాఠకురాలు:
మీ సంచి మీరే మోయగలిగితే మోయండి, అది ఒక పోర్టర్‌ను తగ్గించడానికి కాదు, ఉన్నవాళ్ల బరువు తగ్గడానికి. కుర్చీలు, బల్ల వద్దని ముందే చెప్పవచ్చు. నేల మీద కూర్చుని తినడం మనకేమీ కొత్త కాదు. చివర్లో ఇచ్చే బహుమానం గైడు చేతికి మొత్తంగా ఇవ్వకండి. చిల్లర సోల్ నోట్లు కుస్కోలోనే మార్చుకుని, ఒక్కొక్కరి చేతిలో, పేరు అడిగి మరీ పెట్టండి.

బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ అన్నయ్యకు చదివి వినిపించాను. కుర్చీలు వద్దనే షరతుకు వెంటనే ఒప్పుకున్నాడు. వెళ్లాలా వద్దా అన్నది ఏజెన్సీల జవాబులు చూశాకే చెబుతానన్నాడు. ఈ రాత్రికి మూడు ఏజెన్సీలకు కృష్ణాతీరం గారి ప్రశ్నలన్నీ పంపుతున్నాను. వచ్చిన జవాబులు ఇక్కడే పెడతాను.

అనంతగిరి:
వాళ్ల బూట్ల సంగతి కూడా అడగండి. ఏజెన్సీ ఇస్తుందా, పోర్టరే కొనుక్కోవాలా? నేను చూసిన చెప్పుల తర్వాత నాకు అన్నిటికన్నా ముందు కావలసిన జవాబు అదే.