మసక గెలాక్సీల్లో నక్షత్రాలు సరిగ్గా పుట్టకపోతే మరి నీలం రంగు ఎట్టా వచ్చింది?

ఉదయగిరి_దుర్భిణి:
అన్నలూ ఒక డౌట్. ఈ లో సర్ఫేస్ బ్రైట్‌నెస్ డిస్క్ గెలాక్సీల (పళ్లెం మాదిరి పరుచుకోని, బాగా మసకగా ఉండేవి) గురించి చదవతా ఉండా. హైడ్రోజన్ గ్యాస్ బోలెడంత ఉంటదంట, నక్షత్రాలు మాత్రం బహు నిదానంగా పుడతాయంట. అట్టయితే పాతవే మిగిలి ఎర్రగా కనపడాల గదా, చాలావాటిది నీలం రంగు అంటారేంది? మధ్యలో బరస్ట్‌లు (ఉన్నట్టుండి నక్షత్రాలు గుప్పున పుట్టడం) వస్తాయని ఒకాయన అన్నాడు. బరస్ట్ వస్తే ఇంక మసకగా ఎట్టుంటది?

పలక_మార్కాపురం:
బరస్ట్ అనంగానే నక్షత్రాలు తెగ పుట్టే ఎం82 గెలాక్సీని ఊహించుకోబాక తమ్ముడూ. ఇక్కడ గ్యాస్ మొత్తంగా ఎక్కువే గానీ పల్చగా పరుచుకోని ఉంటది, సాంద్రత ఒక హద్దు దాటితేనే అది కుంగి నక్షత్రాలయ్యేది, వీటిల్లో చాలాచోట్ల ఆ హద్దుకి కిందే. యాడో ఒక మూల పోగుపడితే అక్కడ మటుకు వరిగడ్డి మంట మాదిరి గుప్పుమని ఆరిపోద్ది. బాగా భారీ నీలం నక్షత్రాలు 30-40 లక్షల ఏళ్లకే సరి. కిటుకేందంటే, వెనకమాల పాత నక్షత్రాల వెలుగే తక్కువ గదా, అందుకని కాసిని కొత్తవి పుట్టినా మొత్తం రంగుని నీలంవైపు లాగేస్తాయి. అదే బరస్ట్ మన పాలపుంతలో వస్తే పట్టించుకునేవాడే ఉండడు. కాబట్టి నీలంగా ఉందని గెలాక్సీ వయసు తక్కువని అనుకోకూడదు.

మైపాడు_రాత్రులు:
అంతా బరస్ట్ మీదే రుద్దబాకండి సామీ. వీటిల్లో హీలియం కంటే బరువు మూలకాలు తక్కువ, అందువల్ల అదే వయసు నక్షత్రాలు కూడా ఇంకొంచెం నీలంగా కనపడతాయి. తేల్చాలంటే హైడ్రోజన్ ఆల్ఫా వెలుగు (వేడి కొత్త నక్షత్రాల చుట్టూ హైడ్రోజన్ ఇచ్చే ఎర్రటి వెలుగు), అల్ట్రావయొలెట్ రెండూ పక్కపక్కన పెట్టాల. మొదటిది గడిచిన కోటి ఏళ్ల సంగతి చెప్పుద్ది, రెండోది సుమారు 10 కోట్ల ఏళ్లది. రెండూ పొంతన కుదరకపోతే పుట్టుక ఎగుడుదిగుడుగా జరిగిందని అనుమానించొచ్చు. 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట (అప్పటికింకా నెల్లూరు జిల్లానే) నుంచి పోయిన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో అల్ట్రావయొలెట్ టెలిస్కోప్ ఉండాది.

ఉదయగిరి_దుర్భిణి:
మరి సూపర్‌నోవాలు గ్యాస్‌ని బయటికి తోసేయవా?

పలక_మార్కాపురం:
చిన్న గెలాక్సీల్లో తోస్తాయి. గ్యాస్ పదేపదే బయటికి పోయి లోపలికి వస్తా ఉంటే గురుత్వాకర్షణ ఊగి నడిమధ్యన డార్క్ మ్యాటర్ కూడా పల్చబడుద్దని 2012లో పాంట్జెన్, గవర్నాటో అనే శాస్త్రవేత్తలు చూపించారు. కానీ మాలిన్ 1 (బాగా పెద్ద మసక గెలాక్సీ) లాంటి రాక్షసి డిస్క్‌లకీ ఇదే కథ అంటే నేనొప్పుకోను, అంత బరువుని ఊపడానికి ఈ చిన్న బరస్ట్‌లు యాడ చాలతాయి.

ఉదయగిరి_దుర్భిణి:
ఎనిమిదించుల టెలిస్కోప్‌లో ఒక్కటన్నా కనపడద్దా?

మైపాడు_రాత్రులు:
మాలిన్ 1 అయితే ఆశ వదులుకో. దాని డిస్క్ చీకటి ఆకాశం కంటే మసక, 1986లో బయటపడింది కూడా ఫోటో ప్లేట్ల మీదే. అమావాస్య దగ్గర నవంబర్‌లో ఎం33 అనే గెలాక్సీ మీద పెట్టి, అందులో ఎన్‌జీసీ 604 అని నక్షత్రాలు పుట్టే మబ్బు ఉంటది, అది చూడు. మీ కొండల్లో అయితే దొరుకుద్ది, మా పక్క రొయ్యల గుంటల లైట్లకి ఎం33యే సరిగ్గా కనపడి చావదు.